సెత్త కాలేజీలో ఒక వాన దినం

మేము కోయంబత్తూరు వాళ్ళము. మా పెద్దలు విజయనగర రాజుల కాలంలో కృష్ణ దిక్కు నుండి దండుల వెంట దక్షిణానికి వచ్చి, ఇక్కడి నల్లరేగడి చూచి నిలిచిపోయారని ఇంట్లో చెప్పుకుంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. ఇదీ మా సంసారం. ఈ పత్రిక చదివేవారిలో చాలామందిదీ ఇదే సంసారం గనుక విప్పి చెప్పనక్కరలేదు.

ఈ నాలుగు మాటలు వ్రాయడానికి అసలు కారణం చెన్నపట్నం కాదు, మా పెద్దపిల్ల అన్న ఒక మాట. దానికి పద్నాలుగేళ్ళు. పోయిన దసరా సెలవులలో భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "చదవనూ రాదు, రాయనూ రాదు. ఈ తెలుగు మనకెందుకు? ఫోనులో మీతో మాట్లాడితే నా స్నేహితురాళ్ళు నవ్వుతారు" అన్నది. మేము ఏదో సర్ది చెప్పాము. అవ్వ మాత్రం చేతిలో ముద్ద పట్టుకొని ఒక్క నిమిషం ఆగి, మళ్ళీ తిన్నది. ఒక్క మాటా అనలేదు. కాని ఆ మరునాటి నుండి మనవరాలితో తమిళంలోనే మాట్లాడసాగింది. కోపంగా కాదు, పరుషంగా కాదు. "కాఫీ తాగావా, తల దువ్వుకున్నావా" అన్నవి కూడా తమిళంలోనే. పిల్ల కోరినది పిల్లకు ఇచ్చినట్టే అయింది. అయినా ఇంట్లో ఒక దీపం తగ్గించినట్టు ఉండేది.

కార్తీక మాసంలో పెరంబూరులో మా దగ్గరి చుట్టాల పెళ్ళి వచ్చింది. అవ్వ, పిల్లల నాయన, పిల్లలిద్దరు, మేమందరం కలసి బయలుదేరాము. శుక్రవారం పెళ్ళి. శనివారం రాత్రికి తిరుగు బండి. నడుమ చిక్కిన ఆ ఒక్క పగలూ వండలూరు జంతుశాలకు, సాయంత్రం సముద్రానికి అని చిన్నవాడు కాగితం మీద ముందే వేసిపెట్టాడు. వాడికి తొమ్మిదేళ్ళు.

శనివారం తెల్లవారేసరికి ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. మా ఊళ్ళో ఆడి మాసంలో పాలక్కాడు కనుమ గాలీ, దానితో వచ్చే తుంపరా మాకు అలవాటే. చెన్నపట్నపు వాన వేరు. అక్టోబరు మొదలు డిసెంబరు దాకా ఈశాన్యపు గాలులు సముద్రం మీది తేమనంతా తెచ్చి ఆ ఊరి నెత్తిన కుమ్మరిస్తాయి. ఏడాది వానలో పెద్ద వాటా ఆ మూడు నెలలదే. వండలూరు లేదు, సముద్రం లేదు అనేసరికి చిన్నవాడి ముఖం చూడవలసిందే.

అప్పుడు అవ్వ, "ఉయిరు కాలేజీ లేకుంటే పోనీరా, సెత్త కాలేజీకి పోదాం" అన్నది.

"చెత్త కాలేజీనా? చెత్త చూడటానికి ఎవరైనా పోతారా అవ్వా?" అన్నాడు వాడు.

చుట్టాలందరూ గొల్లుమన్నారు. సంగతేమంటే, పాత కాలంలో పల్లెల నుండి వచ్చేవారు చెన్నపట్నపు జంతుశాలను ఉయిరు కాలేజీ అనీ, ఎగ్మూరు మ్యూజియాన్ని సెత్త కాలేజీ అనీ పిలిచేవారు. ఒకటి ప్రాణమున్న వాటిది, రెండవది చచ్చిన వాటిది అని తమిళంలో అర్థం. నిజానికి ఆ రెండూ ఒక తల్లి బిడ్డలే. మ్యూజియం 1851లో మొదలయింది. దానికి మొదటి అధికారి అయిన ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే వైద్యుడు 1855లో ఆ తోటలోనే బ్రతికిన జంతువులను కూడా ఉంచాడు. తరువాత జంతుశాల సెంట్రల్ పక్కనున్న పీపుల్స్ పార్కుకు మారింది. 1985లో అక్కడి నుండి వండలూరు అడవికి పోయింది.

అవ్వ 1967లో కొత్త పెళ్ళికూతురుగా తాతతో ఒకసారి పట్నం వచ్చిందట. పీపుల్స్ పార్కులో పులినీ కోతులనూ చూచి, రేపు సెత్త కాలేజీ చూద్దామనుకున్నారు. మరునాడు ఊరి నుండి ఏదో కబురు వచ్చి బండి ఎక్కవలసి వచ్చింది. "మళ్ళీ వచ్చినప్పుడు చూపిస్తాను" అన్నాడట తాత. ఆ మళ్ళీ రానేలేదు. తాత పోయి పదకొండేళ్ళు. ఈ సంగతి అవ్వ మాకెవరికీ ఇంతవరకు చెప్పలేదు. చెప్పిన తరువాత ఇక ఎక్కడికి పోవాలన్న చర్చ లేకపోయింది.

అయిదుగురికి రెండు గొడుగులు. రెండు ఆటోలలో పాంథియన్ రోడ్డు చేరేసరికి చక్రాల దగ్గర నీళ్ళు అలలు కొడుతున్నాయి. శుక్రవారం అక్కడ సెలవు. పెళ్ళి శుక్రవారం కావడమూ, మాకు శనివారం చిక్కడమూ మా అదృష్టమే అనుకున్నాము. ఎర్రని గోడలు, గుమ్మటాలు, వానకు నల్లబడ్డ పెద్ద చెట్లు. పక్కనే 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం. మ్యూజియమంటే ఒక ఇల్లు కాదు, విడివిడిగా ఆరు భవనాలు. ఒక దాని నుండి మరొక దానికి పోవాలంటే వానలో పరుగెత్తవలసిందే. అవ్వకు మోకాళ్ళ నొప్పులు. ఒక గొడుగు అవ్వకు శాశ్వతంగా ఇచ్చి, రెండవదాని కింద మిగతావాళ్ళం వంతులవారీగా తడిశాము.

చిన్నవాడి కోసం మొదట జంతువుల వైపు పోయాము. పైనుంచి కిందికి చూస్తున్నట్టున్న తిమింగలపు ఎముకల గూడు దగ్గర వాడు నోరు తెరిచి నిలబడ్డాడు. వండలూరును అక్కడే మరచిపోయాడు. పిమ్మట కంచు విగ్రహాలు. తిరువాలంగాడు నటరాజును, తిరువెంగాడు అర్ధనారీశ్వరుని చూచాము. వేయి ఏండ్ల నాటి చోళుల పోత పని. అవ్వ చెప్పులు విడిచి దండం పెట్టింది. ఇది గుడి కాదని ఎవరూ ఆమెకు చెప్పలేదు, చెప్పాలని మాకూ తోచలేదు.

ఇంతసేపూ పెద్దపిల్ల చేతిలో ఫోను పెట్టుకొని వెనక వెనక వచ్చింది. అవ్వకు చదువు రాదు. పలకల మీది తమిళం ఆమెకు చదివి వినిపించే పని పిల్లకు అప్పగించాము. అది గబగబ చదివేది. అవ్వ తమిళంలోనే "సరి" అనేది. అంతే.

అలాగే అమరావతి రాళ్ళున్న చోటుకు వచ్చాము.

కృష్ణ ఒడ్డున అమరావతిలో రెండువేల ఏండ్ల క్రితం గొప్ప బౌద్ధ స్తూపం ఉండేది. శాతవాహనుల కాలంలో దాని చుట్టూ పలనాటి సున్నపురాతితో చెక్కిన ప్రాకారం కట్టారు. కాలక్రమాన అది మట్టిదిబ్బ అయిపోయింది. పద్దెనిమిదో శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అక్కడ కొత్త ఊరు కట్టిస్తుంటే ఆ దిబ్బలో నుండి రాళ్ళు బయటపడ్డాయి. 1797లో కాలిన్ మెకంజీ అనే దొర వచ్చి చూచాడు. 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా రాళ్ళను మద్రాసుకు పంపించాడు. వాటిలో ఒక భాగం 1859లో ఓడ ఎక్కి లండను పోయింది. మిగిలినవీ, తరువాత వచ్చినవీ ఇక్కడ ఉన్నాయి. దారిలో పిల్లల నాయన ఈ కథంతా చెప్పారు గాని, వాన చప్పుడులో ఎవరికి ఎంత వినబడిందో!

లోపల ఒక గుండ్రని రాతి ఫలకం ఉన్నది. దాని ముందు చిన్నవాడు ఆగి, "అవ్వా, రెండు ఏనుగులు!" అన్నాడు.

అవ్వ దగ్గరికి వచ్చి కళ్ళు చిట్లించి చూచింది. కాపలా ఉన్న పెద్దమనిషి ఆమె అవస్థ గమనించి ఎక్కడి నుండో ఒక స్టూలు తెచ్చి వేశాడు. అవ్వ కూర్చున్నది. ఎడమ పక్క ఊరి వాకిలి. వాకిలి నుండి ఏనుగు విరుచుకుపడి వస్తున్నది. తొండంతో ఒక మనిషిని పట్టి విసురుతున్నది. జనం ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు. ఆడవాళ్ళు పక్కనున్న వారిని పట్టుకొని వణికిపోతున్నారు. పైన కిటికీలలో నుండి కొందరు తొంగి చూస్తున్నారు. కుడి పక్క ఏనుగు మోకాళ్ళు వంచి తల నేలకు ఆనించింది. ఎదుట బుద్ధుడు, ఆయన వెనుక భిక్షువులు.

"రెండు కాదురా," అన్నది అవ్వ. "ఒకటే ఏనుగు. ఆడ మదమెక్కి వస్తా ఉండాది. ఈడికి వచ్చేసరికి మదం దిగిపాయ."

"ఒకటే అయితే రెండు తలకాయలు ఎట్లా ఉంటాయి?"

"రాయి ఒకటే కదరా. ముందు జరిగింది, వెనక జరిగింది, రెండూ దాంట్లోనే చెప్పాల గదా."

రాజగృహంలో దేవదత్తుడు బుద్ధుని చంపించడానికి నలగిరి అనే ఏనుగును మదమెక్కించి వదిలిన కథ ఇది. పుస్తకాలు చదివినవారికి తెలుసు. అవ్వ ఏ పుస్తకమూ చదవలేదు. రాతిని చూచి చెప్పింది. చిన్నవాడు ఒప్పుకోలేదు. రెండే అని మొండికి పడ్డాడు.

ఫోను సంచిలో పెట్టి పెద్దపిల్ల ఎప్పుడు ముందుకు వచ్చిందో మేము చూడలేదు. పలక చదవలేదు. రాతి మీద వేలు ఆననీయకుండా గాలిలోనే గీస్తూ, "చూడరా, ఇక్కడ తోక కనిపించడం లేదు, వాకిలి లోపల ఉంది. ఇంకా బయటికి రాలేదు. ఇదే నడుచుకొని అక్కడికి పోయింది. ఒకటే కదా అవ్వా? చెప్పు వాడికి" అన్నది.

అన్నది తెలుగులో. నెల రోజుల తరువాత అవ్వతో అది తెలుగులో పలికిన మొదటి మాట.

అవ్వ ఒక్క క్షణం దాని వంక చూచి, "ఒకటే మే. నీకు కనపడింది, వానికి కనపడలే" అన్నది. అదీ తెలుగులోనే. మేము మరొక రాతిని చూస్తున్నట్టు అటు తిరిగాము. ఇటువంటప్పుడు పెద్దవాళ్ళు చూడకపోవడమే మంచిది.

ఆ తరువాత ఆ ముగ్గురినీ అక్కడి నుండి కదిలించడం మా తరం కాలేదు. అవ్వ ఒక్కొక్క రాతిలో తనకు తెలిసినవి చూపించింది. పూల కుండ, కాళ్ళ కడియాలు, చేతుల నిండా గాజులు, నడుముకు వడ్డాణం. పిల్ల తమిళం పలక చదివి, మాట తెలియనిచోట అవ్వను అడిగింది. అవ్వకు తెలియనిచోట ఇద్దరూ కలిసి నాయనను అడిగారు.

"ఇవి ఓడలో పోకముందు, ఇంట్లోకి రాకముందు ఎక్కడ ఉన్నాయి?" అన్నది పిల్ల. ఈ మద్రాసులోనే కొన్నేళ్ళు ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నాయని నాయన చెప్పారు. చిన్నవాడు కిటికీ వైపు చూచాడు. బయట వాన అలాగే దంచుతున్నది. "ఇట్లాంటి వానలోనా?" అన్నాడు.

"ఆ. పాపం, తరువాత లోపలికి తెచ్చి, జారిపోకుండా గోడలకు సిమెంటుతో బిగించారు. మంచికే చేశారు. కాని సిమెంటులోని ఉప్పు, గోడలోని తేమ కలిసి రాతిని లోపలినుండి తిన్నాయి. బిగించి పెడితే భద్రమనుకున్నారు. దానికి గాలి ఆడాలి, నిత్యం ఎవరో ఒకరు చూస్తుండాలి అని తరువాతివారికి తెలిసింది."

అవ్వ అన్నీ విని అడిగింది: "ఇవి ఈడికి వచ్చి ఎన్నేండ్లయ్యె?"

"నూట అరవై ఏండ్లు దాటింది అమ్మా."

"మనమో?"

"నాలుగైదు వందల ఏండ్లంటారు మన పెద్దలు."

అవ్వ నవ్వింది. "అట్లయితే మనమే ముందు వచ్చినాం" అన్నది.

ఏమి మాట! మేమంతా మనసులో ఇన్నాళ్ళూ అటో ఇటో తేలక ఊగుతున్న సంగతి ఆ ముసలి ప్రాణం ఒక్క మాటలో తేల్చేసింది. ఆ ఊరికి పోతే మమ్మల్ని తమిళులంటారు, ఈ ఊళ్ళో తెలుగువాళ్ళంటారు. అవ్వకు ఆ బాధ లేదు. ఆ రాళ్ళను చూడటానికి ఊరంతా వస్తుంది, ఎవరూ వాటిని పరాయివనరు. వాటికన్న ముందు వచ్చినవాళ్ళకు మొగమాటం ఎందుకు?

మధ్యాహ్నం సాంబారు అన్నం తిని, వాన కొంచెం నెమ్మదించగా సెంట్ జార్జి కోటలోని మ్యూజియానికి పోయాము. ద్వారం దగ్గర సంచులు విప్పి చూపించి లోపలికి వెళ్ళాము. ఆ మ్యూజియం 1948 నుండి ఉన్నది. నిలువెత్తు కారన్‌వాలిస్ విగ్రహం, కత్తులు, తుపాకులు, నాణేలు, దొరల చిత్తరువులు. చిన్నవాడు తుపాకులు లెక్కపెట్టాడు. అవ్వ మెట్లెక్కలేక కింద కూర్చున్నది.

ఈసారి కథ చెప్పవలసిన వంతు పిల్లకు వచ్చింది. 1639లో ఇంగ్లీషు కంపెనీవారికి ఈ కోట కట్టుకోవడానికి చోటిచ్చినవాడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. చంద్రగిరి రాజుల కింద ఈ సీమను ఏలిన తెలుగు నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరు మీదనే చెన్నపట్నమని పేరు వచ్చిందని చరిత్రకారులు ఎక్కువగా చెప్పే మాట. నాయన దీన్ని పైన పిల్లకు చెప్పగా, అది మెట్లు దిగి వచ్చి అవ్వకు చెప్పింది. అక్కడక్కడ ఆగింది. ఒక చోట తమిళం దొర్లింది. "చోటు ఇచ్చినాడు... రాసి ఇచ్చినాడు... ఊరికి వాళ్ళ నాయన పేరు పెట్టాలని..." అంటూ చేతులతో కలుపుకొని ఎలాగో గట్టెక్కింది.

"బిడ్డ అంటే వాడు" అన్నది అవ్వ, చిన్నవాడి వంక చూచి.

రాత్రి సెంట్రల్‌లో బండి ఎక్కాము. బట్టలు తడి, చెప్పులు తడి, చిన్నవాడికి తుమ్ములు. వాన జల్లుకు కిటికీల అద్దాలన్నీ దించివేశారు. లోపలి ఊపిరికి అద్దాలకు ఆవిరి పట్టింది.

బండి కదిలాక పిల్లల నాయన ఇంకొక సంగతి చెప్పారు. అమరావతి రాళ్ళలో ఒకదాని మీద ప్రాకృతపు మాటల నడుమ 'నాగబు' అనే మాట ఉన్నదని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించారు. మనకు దొరికిన తెలుగు మాటలలో అతి పాతది అదేనని చాలామంది పండితులు ఎంచుతారు.

"అంటే రాతి మీద ఉన్న మొదటి మాటా?" అన్నది పిల్ల. కొంతసేపు ఊరుకున్నది. తరువాత, "అది ఎట్లా రాస్తారు?" అన్నది.

మా వాళ్ళలో తెలుగు వ్రాయడం వచ్చినవాళ్ళం మేమిద్దరమే, అదీ అంతంతమాత్రం. ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో మూడు అక్షరాలు వ్రాసి చూపాము. నా, గ, బు. పిల్ల వాటి కింద తానూ వ్రాసింది. గ వంకర పోయింది. బు కొమ్ము తలక్రిందులయింది. చెరిపి మళ్ళీ వ్రాసింది. నాలుగవసారికి బాగానే వచ్చింది.

"ఏమి మే అది? ఏమి రాసినావు?" అన్నది అవ్వ.

"నాగబు అవ్వా. పాము."

"అయ్యో, ఇంత మంది పోయి పామునా రాసేది? మంచి మాటే దొరకలేదా?"

నాగమంటే పామే కాదు, ఏనుగు కూడా అవుతుందని నాయన అందుకున్నారు. వెంటనే చిన్నవాడు లేచి కూర్చొని ఏనుగే అన్నాడు. పిల్ల పామే అన్నది. కాట్పాడి దాకా ఈ వాదన సాగేటట్టున్నది. చివరికి ఇద్దరూ తీర్పుకు అవ్వ దగ్గరికి పోయారు.

అవ్వ అద్దం వైపు చూచింది. అక్షరాల నుండి నీళ్ళు కిందికి కారుతున్నాయి.

"ఏనుగే," అన్నది. "ఒకటే ఏనుగు. ఇంక పండుకోండి."